తాడు విన్న పాట

నా చిన్నప్పుడు వరద గోదావరి మీద ఒక బల్లకట్టు క్షేమంగా ఒడ్డు చేరిందంటే, అది కేవలం నా గొంతు చలవ. అమెరికాలో, ప్లేనో ఊళ్ళో ఉన్న మనవరాలికి ఈ మాట ఎన్నిసార్లు చెప్పుంటానో.

మా ఆవిడా నేనూ అక్కడికి వెళ్ళిన వేసవిలో కారు రేడియో పెడితే చాలు, ఒకటే పాట; అక్కడి పల్లె బాణీది, కంట్రీ అంటారు. పెద్ద హిట్టట. పాడేవాడేమో కుర్రాడు; తన పాత పికప్ ట్రక్కునీ, మీసాలు రాని వయసునీ తలుచుకుని, అప్పుడే నూరేళ్ళు నిండినట్టు కుమిలిపోతాడు. మా మనవరాలికి అది కంఠతా వచ్చు. కొత్తగా లైసెన్సు వచ్చిన ఉత్సాహంలో మా ఆవిడనీ నన్నూ ఇండియన్ స్టోర్‌కి తీసుకెళ్తానంది. కారెక్కగానే, "తాతయ్యా, మీ యూత్ మీద సాంగ్ రాస్తే అందులో ఏముంటుంది?" అని అడిగింది. అడిగాక నేను ఆగుతానా? గోదావరి కథ ఎత్తుకున్నాను. తను రేడియో పాటకి గొంతు కలుపుతూనే వింటోంది.

హైవే మీదికి వచ్చేసరికి ఆకాశం నల్లబడింది. చూస్తుండగానే వాన, ఆ వెంటనే వడగళ్ళు. ఓ పెద్ద ట్రక్కు నీళ్ళన్నీ మా అద్దం మీద కుమ్మరించి పోయింది. పిల్ల పాట ఆగిపోయింది.

"తాతయ్యా, లేన్ కనపడట్లేదు. వాట్ డూ ఐ డూ?"

నాకు డ్రైవింగ్ రాదు. మా ఆవిడ వెనక సీట్లో ఉంది. పక్కకు చూస్తే పిల్ల ఊపిరి బిగబట్టేసింది. ఆ బిగబట్టడం నాకు తెలుసు.

ఇక నిజం చెప్పేస్తాను. అది గోదావరి కాదు, మా మామయ్య ఊరి పక్కన ఏరు. భయం మాత్రం గోదావరంత. ఒడ్డు నుంచి ఒడ్డుకు కట్టిన తాడు పట్టి లాగితే కదిలే బల్లకట్టు మీద, మామయ్య తన కూతుర్నీ నన్నూ దాటిస్తున్నాడు. నడి ఏట్లో ఉండగా ఎగువ వాననీళ్ళు ఎర్రగా వచ్చి పడ్డాయి. కొట్టుకొచ్చిన మాను తగిలి బల్లకట్టు ఒరిగింది. ఈత రానివాణ్ణి, అయినా నీళ్ళలోకి దూకేయబోయాను. భయం అలాంటిది. మామయ్య చేతులు తాడు మీదే ఉన్నాయి. నన్ను పట్టుకుంటే తాడు జారిపోతుంది.

"ఒరే అల్లుడూ, ఈ తాడు పాట వింటేనే కదులుద్దిరా. ఆపావో, ఇక్కడే ఉండిపోతాం!" అన్నాడు.

నమ్మేశాను. ఒడ్డు తగిలేదాకా పాడుతూనే ఉన్నాను. పాడాలంటే ఊపిరి తీసుకోవాలి. ఊపిరి ఆడుతున్నవాడికి దూకే ఆలోచన రాదు. మామయ్య పన్నాగం నాకు పెద్దయ్యాక గాని అర్థం కాలేదు.

"పాడమ్మా," అన్నాను మనవరాలితో.

"ఆర్ యూ సీరియస్?"

"ఈ కారు పాట వింటేనే నడుస్తుంది. మెల్లగా పోనిస్తూ పాడు."

రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే ఎత్తుకుంది ఆ కుర్రాడి పాట. మాటలు రాకపోయినా నేనూ వంత కలిపాను. ముందు కారు ఎర్రదీపాలే ఆసరాగా మెల్లగా ఎగ్జిట్ దిగి, ఓ పెట్రోలు బంకు కప్పు కింద ఆపింది. ఇంజన్ ఆపాక కూడా పాడుతూనే ఉంది, కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే.

ఇప్పటికీ విమానం కుదిపినా, డాక్టరు సూది తీసినా లోలోపల ఏదో ఒకటి పాడుకుంటాను. మామయ్య పోయినా ఆ తాడు నా చేతిలోనే ఉంది. పిల్లకి అదే చెప్పి, "నేనూ ఆరోజు అచ్చం నీలాగే పాడాను" అన్నాను, కాస్త గర్వంగానే.

ఆనాడు బల్లకట్టు మీదున్న మామయ్య కూతురే మా ఆవిడ. వెనక సీట్లోంచి ముందుకు వంగి, కొంగుతో మనవరాలి ముఖం తుడుస్తూ, నా వంక చూడనైనా చూడకుండా అంది:

"నువ్వెక్కడ పాడావు బావా? కళ్ళు మూసుకుని, నా జడ పట్టుకుని ఏడ్చావు. పాడింది నేను."