కోదాడలో కోయించిన కర్ర, కాలువ గట్టు మీద నడక

నాకు మనుమరాలు పుట్టింది! పెళ్లయిన తొమ్మిదేళ్లకు మా సుగుణ ఒడి నిండింది. ఆ కబురు విన్ననాడు సూర్యాపేట బజారులో ఎదురైన ప్రతి మనిషికీ చెప్పాను. దారి అడిగిన పరాయి మనిషికి కూడా దారికన్నా ముందు ఈ మాటే చెప్పాను. గదికి వచ్చి తాళం తీశాక మాత్రం చెప్పుకోవడానికి ఎవరూ లేరు. మా ఇంటామె రామక్క పోయి అప్పటికి రెండేళ్లు.

సుగుణ ఉండేది త్రిపురారం దగ్గర, కాలువ పక్కనున్న పల్లెలో. బస్సు దిగాక గట్టు మీద రెండు మైళ్లు నడవాలి. కిందటేడు ఒక్కడినే వెళ్లి, మోకాలు పట్టేసి ఆ గట్టు మీదే కూలబడ్డాను. "ఇగ ఒక్కడివి రాకు నాయినా, ఎవరన్న తోలుకొస్తెనే రా" అంది బిడ్డ. తోలుకొచ్చేది ఎవరు? కోతల రోజుల్లో అల్లుడికి ఊపిరాడదు. పాపను తొట్టెలలో వేసే రోజుకు నా కాళ్ల మీద నేను వెళ్లలేకపోతే, ఇక ఎప్పటికీ ఎవరి కోసమో ఎదురుచూస్తూ కూర్చోవలసిందే. అందుకే ముందు ఒక మంచి కర్ర సంపాదించాలనుకున్నాను.

గట్టి వెదురు కోదాడ మేదరివాళ్ల దగ్గర దొరుకుతుందన్నారు. మీరూ వెళ్లదలిస్తే నాలాగే తెల్లవారుజామున మొదటి బస్సు ఎక్కండి, ఛార్జీ రెండు రూపాయల లోపే. మునగాల దాటేసరికి వరిచేల మీద ఎండ పడింది. నా ముఖం చూసి కండక్టర్ ఆగాడు.

"ఏంది తాతా, పొద్దుగాల్నే నీలో నువ్వే నవ్వుకుంటున్నవ్?"

"మనుమరాలు పుట్టింది బిడ్డా! కర్ర కొననీకి పోతున్న."

"గప్పుడే కర్రనా? పిల్లను జర పెరగనియ్యరాదే, కొడుదువు గాని!"

బస్సంతా నవ్వింది. అందరికన్నా గట్టిగా నేనే నవ్వాను.

కోదాడ బస్టాండు వెనక ఈరయ్య అనే మేదరి బుట్టలు అల్లుతున్నాడు. నేను నున్నగా మెరిసే లావుపాటి బొంగును పట్టుకుంటే లాక్కుని పక్కన పడేశాడు. "అది పందిరికి అన్నా. లోపలంతా బోలు. నీ బరువు పడితే చీలిపోద్ది." కణుపులు దగ్గర దగ్గరగా ఉన్న, లోపల బోలు లేని వెదురు ఒకటి ఏరి ఊక మంట మీద తిప్పాడు. వేడెక్కిన చోట పంగలకర్రలో పెట్టి వంచుతూ, ఒక కన్ను మూసి చూస్తూ వంకర తీశాడు. చూడముచ్చటైన పని!

ఇక కొలత. నేను నిటారుగా నిలబడి నడుము దగ్గర చెయ్యి పెట్టి, "ఈడికి కోయి" అన్నాను.

"నిలబడేవాడికి కర్రెందుకు? ఆ బండి దాకా నడిచి రా."

నడిచి వచ్చాను. ఈరయ్య రంపం చేతిలో పట్టుకుని నన్నే చూస్తున్నాడు.

"నీ ఎడం చెయ్యి యాడుందో చూసుకున్నావా అన్నా?"

చూసుకున్నాను. పక్కకు చాచి, అరచెయ్యి కిందికి పెట్టి, గాలిలో దేన్నో పట్టుకున్నట్టు ఉంది. రామక్క పొట్టి మనిషి. మోకాలు చెడ్డ నాటి నుంచి ఏ దారిలో నడిచినా ఆ చెయ్యి ఆమె భుజం మీదే ఉండేది. ఆ మాటే ఈరయ్యకు చెప్పాను. అతను కాసేపు రంపపు పళ్లను వేలితో తడిమాడు.

"ఈ ఎత్తున కోస్తే గొర్రెల కాపరి కర్రలా ఉంటది. నవ్వుతారు."

"నవ్వనియ్. కోయి."

కోశాడు. అడుగున ఇనుప పొన్ను తొడిగి, ఆముదం పట్టించి ఇచ్చాడు.

అక్కణ్నుంచి నేరేడుచర్ల మీదుగా మిర్యాలగూడకు బస్సుంది. అక్కడే అన్నం తినండి, త్రిపురారం వైపు ఏమీ దొరకదు. గట్టు ఎక్కేసరికి పొద్దు వాలుతోంది. ముందు మనిషి లేడు, వెనక మనిషి లేడు. రామక్క ఉంటే ఈ దారంతా ఎవరి చేను ఎట్లా పండిందో చెబుతూ ఉండేది. ఇప్పుడు నీళ్ల చప్పుడు, పొన్ను చప్పుడు, అంతే. కిందటేడు కూలబడిన చోటుకు రాగానే మోకాలు మళ్లీ పట్టేసింది. కర్ర మీద రెండు చేతులూ వేసి, చేతుల మీద నుదురు ఆనించి నిలబడ్డాను. పొట్టి కర్ర అయితే వంగి పడిపోయేవాణ్ని. నొప్పి సడలేదాకా అది నన్ను మోసింది.

సుగుణ గుమ్మంలోంచే నా వెనక్కి చూసింది. "తోడు ఎవరొచ్చిన్రు నాయినా?"

"ఎవ్వరు రాలే బిడ్డా! నేనే వచ్చిన!"

"గింత పొడుగు కర్రేంది, గొర్లు కాస్తున్నవా?" అని నవ్వుతూ కర్ర అందుకుని పక్కన నిలబెట్టుకుంది. దాని కొసన చెయ్యి వేసి నవ్వు ఆపేసింది. "అమ్మ భుజం గింత ఎత్తే ఉండె" అంది. పాపను తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

ఎంత సంతోషం! ఆ చిన్న పిడికిలి నా వేలు పట్టుకుంటే పట్టలేక, "చూసినవా!" అంటూ పక్కకు తిరిగాను. గోడకు ఆనించిన కర్ర ఉంది. మళ్లీ పాప వైపు తిరిగాను. ఇప్పుడు నెలకోసారి వెళ్తున్నాను, ఎవరి కోసమూ ఆగడం లేదు. దారిలో మాట్లాడే మనిషి లేని లోటును ఏ కర్రా తీర్చదు. కానీ నడిపిస్తుంది.

కర్ర చేయించుకోబోయేవారికి ఒక్క మాట: నిలబడి కొలత ఇవ్వకండి. నాలుగడుగులు నడవండి, చెయ్యి తనంతట తాను ఎక్కడికి పోతుందో అక్కడ కోయించండి.