కారణం గడిలో రాసిన మాట

మా ల్యాబ్ సారు పోయారు. పోయిన నెల ఒక మంగళవారం ఉదయం నేను మ్యూనిక్ పక్కనున్న ఉంటర్‌ఫ్యోరింగ్ స్టేషన్‌లో రైలు దిగి ఆఫీసు వైపు నడుస్తుంటే ఆయన కూతురు ఫోన్ చేసింది. అంతకుముందు మేమిద్దరం ఎన్నడూ మాట్లాడుకోలేదు. "మీరు నాన్నతో పని చేసిన అక్కా?" అని తెలుగులో మొదలుపెట్టి, మాటలు చాలక జర్మన్‌లోకి మారింది. ఆదివారం సాయంత్రం ఇంగోల్‌స్టాట్‌లో, ఇంట్లోనే, ఆయన గుండె ఆగిపోయిందని చెప్పింది. ఆ పిల్లకు నేనేం జవాబు చెప్పానో గుర్తు లేదు. సిగ్నల్ దగ్గర పచ్చ దీపం వచ్చి పోయింది, మళ్ళీ వచ్చి పోయింది, నేను మాత్రం రోడ్డు దాటలేదు.

జర్మనీలో ఉంటున్న మన తెలుగువాళ్ళు, మీలో చాలామందికి ఆయన తెలిసి ఉండరు. ఉగాది కార్యక్రమాలకు వచ్చే మనిషి కాదు, ఏ వాట్సాప్ గ్రూపులోనూ ఉండేవారు కాదు. శ్రీకాకుళం వైపు ఆయనది. అక్కడ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పని నేర్చుకుని, నడివయసులో ఈ దేశం వచ్చి, ఒకే కంపెనీలో, ఒకే ల్యాబ్‌లో, ఒకే కుర్చీలో ఇరవై ఏళ్ళ పైన గడిపారు. భార్య పోయాక ఇంగోల్‌స్టాట్‌లో ఒంటరిగా ఉండేవారు. కూతురు కైసర్స్‌లౌటర్న్‌లో పరిశోధన చేస్తోంది. రోజూ పొద్దున్నే రైలెక్కి, మ్యూనిక్‌లో మారి, అందరికన్నా ముందు వచ్చి ల్యాబ్ తాళం తీసేవారు.

మా కంపెనీ టీవీ ప్రసారాలకు వాడే కంప్యూటర్లు తయారు చేస్తుంది. ప్రసారం ఆగకూడదు కాబట్టి ఆ మిషన్లను ఆపడానికి వీల్లేదు. లోపల ఏదైనా కార్డు చెడిపోతే, మిషన్ నడుస్తుండగానే దాన్ని లాగి, అది దిగే గాడిలో, అంటే స్లాట్‌లో, కొత్తది పెట్టాలి. కొత్త కార్డు వచ్చి కూర్చుందని మిషన్ తనంతట తాను గుర్తు పట్టాలి. అలా గుర్తు పట్టే ప్రోగ్రాం రాయడం నా పని. కార్డును వందలసార్లు పెట్టి, తీసి, అది గుర్తు పడుతోందో లేదో చూడడం సారు పని.

నేను చేరిన మొదటి వారంలోనే ఆయన ఒక ఖాళీ బోర్డు తెచ్చి నా ముందు పెట్టారు. స్లాట్‌కు ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి, రెండు పిన్నులు చూపించారు. కార్డు మీద వాటికి తగిలే గీతలు మిగతావాటికన్నా కాస్త పొట్టిగా ఉంటాయి. అందుకని అన్నీ తగిలాక చిట్టచివర తగిలేవి అవే. ఆ రెండూ తగిలాయంటే కార్డు పూర్తిగా దిగినట్టు లెక్క.

"కార్డు కూకుందా అని కంటిని అడక్కమ్మా" అన్నారు. "పైనుంచి చూస్తే అంతా బాగానే కనిపిస్తాది. ఒక చివర దిగి రెండోది లేచుంటాది. రెండు చివర్లనీ అడగాల."

నేను తల ఊపాను. చదువుకున్నదాన్ని కదా, ఇంతేనా అనుకున్నాను.

ఆయన మధ్యాహ్నం భోజనం ల్యాబ్‌లోనే, వెనక బల్ల మీద. ఎప్పుడో ఎవరో వంటగదిలో మైక్రోవేవ్ మీద వాసన గురించి చీటీ అంటించారట. ఆనాటి నుంచి ఆయన డబ్బా వేడి చేసుకోవడం మానేశారు. చల్లటి పెరుగన్నం, విటమిన్ మాత్రల ఖాళీ సీసాలో ఆవకాయ. నాకూ వంటగదిలో అందరి మధ్యా కూర్చోవడం ఇబ్బందిగానే ఉండేది. నా డబ్బా కూడా వెనక బల్లకు చేరింది. పెద్దగా మాట్లాడుకునేవాళ్ళం కాదు. మాట్లాడితే నా కరీంనగర్ మాటను ఆయన, ఆయన సిక్కోలు మాటను నేను ఆటపట్టించుకోవడమే.

"ఏమైతాంది అంటావు, నాకు సగం బోధపడదు. ఇదెక్కడి తెలుగమ్మా?"

"మీరు ఏటి, ఎందుకేటి అంటే నాకైతే మంచిగనే అర్థమైతాంది సార్."

"మరి నాది సుబ్బరమైన తెలుగు కదేటి" అని నవ్వి, సీసా మూత తీసి నా డబ్బాలో ఒక ముక్క వేసేవారు.

అది నాకిక్కడ మొదటి చలికాలం. శుక్రవారం సాయంత్రం ఆఫీసు దాటితే సోమవారం పొద్దున దాకా నాకు మనిషితో మాట్లాడే పని ఉండేది కాదు. కొట్లో బిల్లు దగ్గర చెప్పే నమస్కారం, వెళ్ళొస్తానన్న మాట తప్ప గొంతు పెగిలేది కాదు. అమ్మతో ఫోన్‌లో అంతా బాగానే ఉందని చెప్పేదాన్ని, అది మాట్లాడడం కింద లెక్క కాదు. సోమవారం ల్యాబ్ తలుపు తోయగానే "తిన్నావేటమ్మా?" అనే మాట వినిపించేది. ఉదయం ఎనిమిదైనా, మధ్యాహ్నం మూడైనా ఆయన పలకరింపు అదొక్కటే. ఆ ఒక్క మాట కోసం నేను సోమవారాల కోసం ఎదురుచూశానంటే ఇప్పుడు నవ్వు రావడం లేదు.

ఆ చలికాలంలోనే ఆయన కుడి చేయి వణకడం మొదలైంది. కాఫీ సగం కప్పే పోసుకునేవారు. అందరూ చూశారు.

ఇక ఆ సంగతికి వస్తాను. దీన్ని చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

మా దగ్గర కార్డులు పెట్టి తీసే ఒక యంత్రపు చేయి ఉంది. నా కొత్త ప్రోగ్రాంతో అది వారం రోజులు ఆగకుండా పెట్టింది, తీసింది. ఒక్కసారీ తప్పలేదు. అదే మిషన్‌లో సారు చేతితో ఇరవై సార్లు పెడితే మూడుసార్లు తేడా వచ్చింది. కార్డు స్లాట్‌లోనే ఉంది, మిషన్ మాత్రం స్లాట్ ఖాళీ అంటోంది. నేను లేచి వెళ్ళి నా చేత్తో పెట్టి చూశాను. ప్రతిసారీ గుర్తు పట్టింది.

"నీ చెయ్యి అలవాటు పడిపోయిందమ్మా" అన్నారు సారు. "ఆ యంత్రంలాగే తిన్నగా, గబుక్కున తోసేస్తన్నావు. బయట పెట్టేవోడు అలాగ పెట్టడు. ఒక మూల ముందు దిగుతాది, రెండోది తర్వాత దిగుతాది. తుడవడానికొచ్చే ఆవిడినో, రిసెప్షన్‌లో పిల్లనో పిలిచి పెట్టించి చూడు."

నేను ఎవరినీ పిలవలేదు. శుక్రవారానికి మిషన్లు కస్టమర్ల దగ్గరికి వెళ్ళిపోవాలి. నా ప్రోబెట్సైట్ ఇంకా ముగియలేదు. ఆ ఆరు నెలల పరీక్షాకాలంలో కంపెనీ వద్దంటే ఉద్యోగం పోతుంది, ఉద్యోగంతో పాటు ఈ దేశంలో ఉండనిచ్చే బ్లూ కార్డూ కదులుతుంది. మా మేనేజరు వచ్చి, ఆ మూడు తప్పులకు రిపోర్టులో కారణం ఏం రాస్తున్నావని అడిగాడు. కారణం గడిలో ఎంచుకోవడానికి ఒక పట్టీ ఉంటుంది. అందులో ఒకటి బెడీన్‌ఫేలర్. వాడిన మనిషి చేసిన పొరపాటు అని అర్థం. నేను దాన్ని నొక్కాను. మేనేజరు ల్యాబ్ అద్దం వైపు ఒకసారి చూసి, సరే, అర్థమైందన్నాడు. అతనూ సారు సగం కప్పు కాఫీ చూసినవాడే. నన్నెవరూ బలవంతం చేయలేదు. నాకు నేనుగా భయపడ్డాను, నాకు నేనుగా నొక్కాను.

రిపోర్టు మీద రాసినవాళ్ళ ఆమోదం, పరీక్షించినవాళ్ళ ఆమోదం రెండూ ఉంటేనే అది చెల్లుతుంది. కాబట్టి అది సారు దగ్గరికి వెళ్ళింది. మధ్యాహ్నం ఆయన నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

"నా చెయ్యి వణుకుతున్న మాట నిజమేనమ్మా. నువ్వు రాసింది మాత్రం నిజం కాదు."

నేను తెర మీద నుంచి కళ్ళు తిప్పలేదు. ఆయనే, "ప్రోబెట్సైట్ ఎప్పటికి అయిపోతాది?" అని అడిగారు.

"వచ్చే నెల సార్."

ఆయన తిరిగి వెళ్ళి, పది నిమిషాల్లో ఆమోదం నొక్కారు. ఆ రోజు నాకు కలిగింది సిగ్గు కాదు, ఊపిరి పీల్చుకున్నానంతే. సిగ్గు తర్వాత వచ్చింది.

నా ఉద్యోగం నిలబడింది. సారును కార్డుల పరీక్ష నుంచి తప్పించి, స్టోర్ గదిలో కేబుళ్ళకు చీటీలు అంటించే పనిలో వేశారు. మర్యాదగానే చేశారు, ఆయన ఆరోగ్యం కోసమే అన్నారు. ఆ ఏడాది చివర్లో ఆయన ముందుగానే రిటైరయ్యారు. కేకు కోశారు, అందరూ సంతకాలు చేసిన కార్డు ఇచ్చారు. సారు మూడింటి రైలుకు వెళ్ళిపోయారు. మర్నాడు నేను వెనక బల్ల దగ్గర ఒక్కదాన్నే డబ్బా విప్పాను. తినబుద్ధి కాలేదు.

తర్వాతి వేసవిలో ఒక కస్టమర్ నుంచి ఫిర్యాదు వచ్చింది. కార్డు పెట్టాం, మిషన్ స్లాట్ ఖాళీ అంటోంది అని. అప్పుడు వెళ్ళి రిసెప్షన్ అమ్మాయిని పిలిచాను. పొడుగాటి గోళ్ళు ఆమెకు, కార్డు విరుగుతుందేమోనని భయం. ఒక మూల మెల్లగా తోసి, ఆగి, రెండో మూల తోసింది. రెండోసారికే మిషన్ స్లాట్ ఖాళీ అంది. తప్పెక్కడుందో అరగంటలో దొరికింది. నా ప్రోగ్రాం మొదటి చివర తగలగానే లెక్క మొదలుపెడుతోంది. కాస్త సమయంలోపు రెండో చివర తగలకపోతే అక్కడేమీ లేదని తేల్చుకుని, ఆ స్లాట్ వైపు మళ్ళీ చూడడం మానేస్తోంది. వణికే చేతికైనా, వణకని చేతికైనా అదే జరుగుతుంది. తోసేవాళ్ళు కాస్త నెమ్మదస్తులైతే చాలు.

ఆ శనివారం ఇంగోల్‌స్టాట్ వెళ్ళాను. సారు ఉప్మా చేసి పెట్టి, నేను చెప్పింది కళ్ళు మూసుకుని విన్నారు.

"అయితే ఇప్పుడు ఎంతసేపు ఆగుతాది?"

"ఎంతసేపైనా ఆగుతది సార్. రెండు చివర్లు తగిలేదాక లెక్కనే మొదలుపెట్టదు."

తొడ మీద చరిచి పెద్దగా నవ్వారు. ఆయన అలా నవ్వడం నేను అదే మొదటిసారి చూడడం. అలిగి ఉంటారేమో, నాలుగు మాటలంటారేమో అనుకుని వెళ్ళినదాన్ని, ఆ నవ్వుకు ఏడుపొచ్చింది. తర్వాత టీ పోస్తూ, "మరా పాత రిపోర్టు?" అని మాత్రం అడిగారు.

"మారుస్త సార్."

"మార్చమ్మా" అన్నారు.

మార్చలేదు. కొత్త తప్పుకు కొత్త రిపోర్టు ఉంది కదా, పాతదాన్ని తవ్వడమెందుకన్నాడు మేనేజరు. అది విని నేను సంతోషించాను. తెరిస్తే వివరణ రాయాలి, ముందే ఎందుకు చూడలేదని అడుగుతారు. అప్పుడే నా నీడర్‌లాసుంగ్ కాగితాలు, అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండడానికి పెట్టిన దరఖాస్తు, ప్రభుత్వ ఆఫీసులో నడుస్తున్నాయి. అవి వచ్చాక చూద్దాం అనుకున్నాను. అవి వచ్చాయి. అప్పుడు ఇంకేదో అడ్డం పెట్టుకున్నాను. రెండేళ్ళపాటు సారు ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఫోన్ చేసేవారు. "తిన్నావేటమ్మా?" అని అడిగేవారు. రిపోర్టు ఊసు మళ్ళీ ఎత్తలేదు. ఒక్కసారి గట్టిగా అడిగి ఉంటే మార్చేదాన్నేమో అని ఇప్పుడంటే అది నా తెలివి.

దహనానికి పదిమందిమి కూడా లేము. అంతా అయ్యాక కూతురు, నేను దగ్గర్లోని బేకరీలో కూర్చున్నాం.  ఆ పిల్ల తెలుగు ఒక్కొక్క మాటే కూడబలుక్కుంటూ చెప్పింది.

"నాన్న చెయ్యి వల్ల ఆఫీసులో ఫేలర్ అయ్యిందంట. ఒక అక్కకి జాబ్ పోయేదంట. అందుకే మానేశాను అన్నాడు. ఆ అక్క మీరేనా?"

ఆయన ఇంట్లో కూడా ఆ తప్పును తన చేతి మీదే ఉంచుకున్నారని నాకు అప్పుడు తెలిసింది. నేను జరిగినదంతా ఆ పిల్లకు చెప్పాను. మీ నాన్న చెయ్యి ఏ తప్పూ చేయలేదు, తప్పు నాది, తెలిసి కూడా దిద్దలేదు అన్నాను.

"ఇది నాన్నకు తెలుసా?" అని జర్మన్‌లో అడిగింది.

తెలుసన్నాను.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

 ఆ పిల్ల నన్ను తిట్టలేదు. తిడితే కాస్త తేలికపడేదాన్ని. కోటు తొడుక్కుంటూ, "ఇది రాయండి. తెలుగులో రాయండి. నాకు చదవడం రాదు, ఎవరితోనైనా చదివించుకుంటాను" అంది. అందుకని రాశాను. చెల్లీ, ఇది నీకు ఎవరు చదివి వినిపిస్తున్నారో తెలియదు. ఆ పైన మీ నాన్న చేతి గురించి రాసింది ఇంకోసారి చదవమని చెప్పు.

దహనం మర్నాడు ఆఫీసుకు వెళ్ళి ఆ పాత రిపోర్టు తెరిచాను. వివరణ రాశాను, దాచకుండా రాశాను. కారణం గడిలో మాట తీసేసి, ప్రోగ్రాంలో తప్పు అని పెట్టాను. నా ఆమోదం నొక్కాను. కింద పరీక్షించినవారి వరుసలో సారు పేరు బూడిద రంగులో ఉంది. ఆయన రిటైరైన రోజునే ఖాతా మూసేశారు. అబద్ధం రాసిన కాగితానికి ఆయన ఆమోదం ఉంది, నిజం రాసిన కాగితానికి లేదు. మేనేజరు చూసి, ఆ పేరు తీసి నీ పేరు పెడితే ఒక్క నిమిషంలో మూసేయవచ్చు కదా అన్నాడు. వద్దన్నాను. సరే, ఆడిట్ వచ్చేదాకా ఉండనివ్వు అన్నాడు.

ఇప్పుడు రోజూ ఉదయం కంప్యూటర్ తెరవగానే నా జాబితాలో మొదటి వరుస అదే. పక్కన చిన్న గడియారం బొమ్మ, దాని కింద ఒక్క వాక్యం. పరీక్షించినవారి ఆమోదం కోసం వేచి ఉంది.