రేకుల మీద మల్లెపూలు

నిన్న అరసవల్లిలో మా ఇంటికి మలేషియా నుంచి కొరియర్‌లో ఒక పుస్తకం వచ్చింది. కిందటేడు అక్కడి తెలుగు టీచర్లకు నేను వారం రోజులు రచన పాఠాలు చెప్పాను. అప్పుడు వాళ్ళు రాసుకున్న జ్ఞాపకాలను కలిపి వాళ్ళ సంఘం అచ్చువేసింది. ముందుమాట నాది. అచ్చులో మన పేరు చూసుకునే సరదా ఏ వయసుకీ తీరదు కదా, గుమ్మంలో నిలబడే చదవడం మొదలుపెట్టాను. కుర్చీలో కూలబడేసరికి ఒళ్ళు మండిపోతోంది.

అసలు వాళ్ళు నన్ను పిలవడమే వింత. ‘రచనా కార్యశాల’ నడపాలన్నారు. నాకు తెలిసిన శాలలు రెండే, పాఠశాల, పాకశాల. మొదటిదాంట్లో రిటైరయ్యాను, రెండోదాంట్లో ఇంకా అవనివ్వడం లేదు. అక్కడ మొదటి రోజు ఏం రాయమన్నా అందరూ మాతృభాష గొప్పదనమే రాశారు. నాకే ఆవలింతలు వచ్చాయి. మర్నాడు, ‘మీ ఇంటి వాసన ఏదైనా రాయండి’ అన్నాను. వెనక వరసలోంచి ఒక టీచరమ్మ లేచింది. వాళ్ళ పెద్దలు మన శ్రీకాకుళం ఒడ్డున సముద్రాన్ని నమ్ముకుని బతికి, రబ్బరు తోట పనికని ఓడెక్కినవాళ్ళు.

“అక్కా, మాది ఎండుసేపల వాసన. రాస్తే ఏటనుకోరు కదా?” అంది.

“రాయకపోతే అనుకుంటాను,” అన్నాను.

రాసింది. వాళ్ళ అమ్మమ్మ కూలీల ఇళ్ళ రేకుల మీద చేపలు ఎండబెట్టేదట. పిల్లులు ఎత్తుకుపోకుండా కర్ర పట్టుకుని కాపలా కూర్చునేదట. ఎండినవాటిని గంపలో మోసి అమ్మి, ఆ డబ్బుతోనే కూతుర్ని చదివించిందట. మనవరాలికి జడ వేస్తే ఆ వేళ్ళ వాసన జుట్టుకు పట్టి, బళ్ళో పిల్లలు ముక్కులు మూసుకునేవారట. అది చదివి వినిపించిన రోజు హాల్లో మేమూ ముక్కులు పట్టుకున్నాం, చీదుకోవడానికి. “మాయమ్మ ఉన్నాదక్కా, కళ్ళు అవుపడవు. పుస్తకం వస్తే సదివి ఇనిపిస్తాను. ఆళ్ళమ్మని మళ్ళీ సూసినట్టుంటాది,” అని మురిసిపోయింది.

ఇప్పుడు పుస్తకంలో ఏముందీ? ‘మా అమ్మమ్మ మల్లెపూలు అమ్మేది.’ చేప ఉన్నచోటల్లా మల్లెపువ్వు పెట్టారు. రేకులు అలాగే ఉన్నాయి, కర్ర ఉంది, పిల్లులూ ఉన్నాయి! మల్లెపూలు రేకుల మీద ఎండేసి, పిల్లుల పాలవకుండా కర్ర పుచ్చుకు కూర్చున్న ముసలమ్మ! నా ముందుమాటలోని ఎండు చేపల వాసన కూడా ‘మల్లెల పరిమళం’ అయిపోయింది. కింద నా పేరు మాత్రం దిద్దలేదు.

సంఘం పెద్దాయనకు ఫోన్ చేశాను.

“పిల్లల చేతికి వెళ్ళే పుస్తకం కదండీ మేడమ్. మన సంస్కృతి కనబడాలి. చేపలంటే అంత బాగుండదని పరిష్కరించాం.”

“అది పరిష్కారం కాదండీ, బహిష్కారం. నేనున్న వారంలో చేపల పులుసు రెండోసారి అడిగి వేయించుకున్నారే, అది ఎవరి సంస్కృతి?”

“తినడం వేరు మేడమ్, అచ్చు వేరు.”

“అయితే నా ముందుమాట చింపెయ్యండి. లేదా ప్రతి పుస్తకంలోనూ దిద్దుబాటు చీటీ అంటించండి.”

“రెండో ముద్రణలో చూద్దాం,” అన్నారు. మొదటి ముద్రణ అటక దిగదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

ఆ కోపం చల్లారకముందే టీచరమ్మకు చేశాను. “అమ్మకి గానీ సదివేసినావేటి?”

“సదివేసినానక్కా. ముందు నాను సూసుకోనేదు. సదవడం మొదలెట్టినాక ఆపనేకపోయినాను.”

“ఏటన్నాది?”

“సివరిదాకా ఇన్నాది. ఇని, ‘బాగున్నాదే. పాపం, ఎవురమ్మ గురించే ఇది?’ అన్నాది.”



ఓడలో సముద్రం దాటినా, తరాలు మారినా, కాలం ఆ వాసనను ఆ ఇంట్లోంచి తీసుకుపోలేకపోయింది. మనవాళ్ళకి ఒక మధ్యాహ్నం, ఒక ప్రూఫు చాలింది.