అయిదో ప్రశ్న

దెయ్యాలన్నా గాలులన్నా నాకు ఏనాడూ నమ్మకం లేదు. ఇరవై ఏడేళ్లుగా పూర్ణా మార్కెట్లో ఎండు చేపలు అమ్ముతున్నాను. సరుకు కోసం తెల్లారకుండా హార్బర్‌కి పోయేటప్పుడు శ్మశానం గోడ పక్కనుంచే నడిచేదాన్ని. అక్కడ కుక్కలకు భయపడ్డాను, తాగుబోతులకు భయపడ్డాను. అంతకు మించి ఏమీ కనపడలేదు. మా వీధిలో ఒకామెకు గాలి సోకిందని వేపరొట్టతో కొడుతుంటే, ఆసుపత్రికి తీసుకుపొమ్మని తిట్టింది నేనే.

ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఈవిడకు ఇలాంటివి మామూలేనని ఎవరూ అనుకోకూడదు. పైగా ఇందులో నా తప్పు ఉంది. కల్పించి రాసేదాన్నయితే ముందు దాన్నే తీసేసేదాన్ని.

నాకు అక్షరాలు వచ్చింది యాభై రెండో ఏట. మా వీధి చివర చర్చి వరండాలో సాయంత్రం పూట ఆడవాళ్లకు చదువు చెప్పేవారు. నేనూ మా పక్కింటి ఎస్తేరూ ఒకే రోజు పలకలు పట్టుకుని వెళ్లాం. ఎస్తేరు నాకంటే నాలుగేళ్లు చిన్నది. ఒక అపార్ట్‌మెంట్లో వంట చేస్తుంది. అక్క వరసన నన్ను అప్పా అని పిలుస్తుంది.

ఆరు నెలల్లో నాకు చదవడం వచ్చేసింది. ఆమెకు రాలేదు. మా గుమ్మంలో కూర్చోబెట్టి పెద్ద పెద్ద అక్షరాలు రాసి నేనే దిద్దించాను. అందుకని ఎస్తేరుకు నా చేతిరాత ఒక్కటే చదవడం వచ్చు. ఇంకొకరు రాసింది ఇస్తే చూపు తిప్పేసుకుంటుంది. బైబిల్లో ఆమెకు ఇష్టమైన వాక్యాలు కూడా నోట్‌బుక్‌లోకి నేనే ఎక్కించి ఇచ్చాను.

మా వాడల కోసమే నడిచే చిన్న రేడియో స్టేషన్ ఒకటి ఉంది. కుళాయి రాకపోయినా, జ్వరాలు ముదిరినా, స్టీల్ ప్లాంటు సంగతి మీద వాదించుకోవాలన్నా జనం దానికే ఫోన్ చేస్తారు. గురువారం పదకొండింటికి ఆరోగ్యం కార్యక్రమం. ఒక డాక్టర్ వచ్చి కూర్చుని జవాబులు చెబుతారు. ఫోన్లో చెప్పుకోలేనివాళ్ల కోసం మార్కెట్లో టీ కొట్టు దగ్గర రేకు పెట్టె వేలాడదీశారు. పేరు రాయకుండా చీటీ వేయొచ్చు.

చీటీ వేసినవాళ్లు రేడియోలో జవాబు వినేదాకా ఆసుపత్రికి వెళ్లరు. అది మా జనం అలవాటు. అలా ఆగొద్దని ప్రతి వారం చెబుతారు, అయినా ఆగుతారు. ఈ వారం రాకపోతే వచ్చే వారం వస్తుందిలే అనుకుంటారు. ఈ సంగతి నాకు బాగా తెలుసు.

చీటీలు చదవడానికి వాడలోని ఆడమనిషే కావాలని రేడియో నడిపే మేడమ్ మా చదువు దగ్గరికి వచ్చారు. నన్నూ ఎస్తేరునూ మైకు ముందు కూర్చోబెట్టి, నేను రాసిన కాగితమే ఇద్దరి చేతా చదివించారు. నేను ఒక్క తప్పు లేకుండా చదివాను. ఎస్తేరు మూడు చోట్ల తడబడింది. తర్వాత ఇద్దరివీ వినిపించారు.

నా గొంతు బయటినుంచి వినడం నాకు అదే మొదలు. సన్నగా, ముక్కులోంచి, మాట మాటకీ ఊపిరి పీల్చుకుంటూ ఉంది. బేరాలాడి అరిగిపోయిన గొంతు. ఎస్తేరు చర్చిలో పాడే మనిషి, ఆమె తడబాటు కూడా వినడానికి బాగుంది. ఆమె నవ్వుతూ నా భుజం మీద చెయ్యేసి, "నీ గొంతింటే ఎండు నెత్తళ్లు కూడా లెగిసి పారిపోతాయప్పా" అంది. అందరితో పాటు నేనూ నవ్వాను.

అప్పటినుంచి ఎస్తేరు చదివేది. సోమవారం పెట్టె తెరిచి, నాలుగు చీటీలు ఏరి, ఆమె కోసం పెద్ద అక్షరాల్లో తిరగరాయడం నా పని. నాలుగుకు మించితే టైము చాలదు.

ఏడాది తిరక్కుండా ఎస్తేరు అందరికీ తెలిసిపోయింది. ఆటో ఎక్కి ఎక్కడికో చెప్పగానే డ్రైవర్ వెనక్కి తిరిగి, రేడియోలో చదివేది మీరే కదా అనేవాడు. పక్కన నేను సంచి ఒళ్లో పెట్టుకుని రోడ్డు చూసేదాన్ని. ఒకసారి ఒక చీటీలో మూడు జబ్బులు కలగాపులగంగా ఉంటే, సగం రోజు కూర్చుని దాన్ని విడదీసి, అడగాల్సింది రెండు ముక్కల్లో రాశాను. డాక్టర్ అది విని, బాగా అడిగావమ్మా అని ఎస్తేరును మెచ్చుకున్నారు. ఆమె అప్ప రాసిందని చెప్పలేదు. మరిచిపోయి ఉంటుంది. ఆ రోజు నేను అన్నం తినలేదు.

ఇక అసలు సంగతి. ఒక సోమవారం ఎస్తేరు, వచ్చే వారం భీమిలిలో చుట్టాల పెళ్లి ఉంది, గురువారం ఉండనని చెప్పింది. ఆ ఒక్క వారం నువ్వే చదువు అని మేడమ్ నాతో అన్నారు. ఆ వారం గుండె డాక్టర్ వస్తున్నారని కూడా చెప్పారు.

అదే రోజు పెట్టెలో ఒక చీటీ దొరికింది. గీతల కాగితం మీద గొలుసుకట్టు రాత. యారాడ నుంచి ఒకావిడ. కొండ రోడ్డు ఎక్కుతుంటే గుండె మీద బరువు పెట్టినట్టు ఉంటోంది, ఎడమ చెయ్యి లాగుతోంది, చెమటలు పడుతున్నాయి. ఇంట్లో అందరూ గ్యాస్ అంటున్నారు, నాకు భయంగా ఉంది, ఏం చెయ్యాలి అని ఉంది.

చదవగానే ఇది ఆగాల్సిన జబ్బు కాదని నాకు అర్థమైంది. దాని వెనకే ఇంకో ఆలోచన వచ్చింది. ఇది చదివితే వాడంతా చెవులు రిక్కించి వింటుంది. ఎవరు చదివారని అడుగుతారు.

దాన్ని నా వారానికి దాచుకున్నాను. గుండె డాక్టరే చెబితే మంచిది కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అది అబద్ధం. ఆ జవాబు ఏ డాక్టరైనా చెప్పగలరు. చీటీని నాలుగు మడతలు పెట్టి, ఇంట్లో బిస్కట్ల డబ్బాలో రేషన్ కార్డు కింద పెట్టాను. ఎవరికీ చెప్పలేదు. ఎస్తేరుకు వేరే నాలుగు రాసిచ్చాను.

గురువారం నేను కొట్లోనే ఉన్నాను. మేకుకు రేడియో వేలాడుతోంది. పక్క కొట్లో చింతపండు అమ్మే నరసమ్మ కూడా వింటోంది. ఎస్తేరు ఒకటి, రెండు, మూడు చదివింది. నాలుగోది తామర గురించి. దానికి డాక్టర్ జవాబు చెప్పడం అయింది. ఇక వెళ్లొస్తామని చెప్పాలి.

చెప్పలేదు. "యారాడ నుంచి రాస్తున్నాను" అని ఒక గొంతు మొదలుపెట్టింది.

అది ఎస్తేరు గొంతు కాదు. సన్నగా, ముక్కులోంచి, మాట మాటకీ ఊపిరి పీల్చుకుంటూ చదివింది. కొండ రోడ్డు, గుండె మీద బరువు, ఎడమ చెయ్యి, గ్యాస్. చీటీలో ఉన్న మాట ఒక్కటి పోకుండా చదివింది. నా చేతిలో తూకానికి తీసిన నెత్తళ్లు అలాగే ఉన్నాయి.

నరసమ్మ చింతపండు ముద్ద వదిలేసి నా వైపు చూసింది. "ఒలే నూకాలూ, నువ్విక్కడే ఉన్నావు కదే. రేడియోలో నీ గొంతేటి?" అంది.

డాక్టర్ గొంతు మారిపోయింది. ఇది గ్యాస్ కాదమ్మా, కార్యక్రమం అయ్యేదాకా కూడా ఆగొద్దు, ఇప్పుడే పెద్దాసుపత్రికి వెళ్లండి అని రెండుసార్లు చెప్పారు.

కొట్టు నరసమ్మకు అప్పగించి ఇంటికి నడిచాను. తాళం వేసింది వేసినట్టే ఉంది. డబ్బాలో రేషన్ కార్డు కింద చీటీ నేను పెట్టిన మడతల్లోనే ఉంది.

అక్కడినుంచి రేడియోకి వెళ్లాను. ఎస్తేరు ముందున్న కాగితం తీసి చూశాను. నేను రాసిన నాలుగే ఉన్నాయి. అయిదోది ఎవరు చదివారని అడిగాను. "నాను నాలుగే సదివేనప్పా. అది ఫోనేమో అనుకున్నాను" అంది. డాక్టర్ కూడా చెవికి పెట్టుకున్న దాంట్లో వినపడితే ఫోనే అనుకున్నారట. మేడమ్ చూస్తే, నాలుగో ప్రశ్న తర్వాత ఫోన్ ఏదీ రాలేదు.

ప్రతి కార్యక్రమం రికార్డు చేసి ఉంచుతారు. అది పెట్టించుకుని విన్నాను. తామర జవాబు అయ్యాక కాసేపు ఏమీ లేదు. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు మాత్రం ఉంది. తర్వాత డాక్టర్, ఇది గ్యాస్ కాదమ్మా అని మొదలుపెడతారు. మిషన్లో ఏదో లోపం అయుంటుందని మేడమ్ అన్నారు. ఇంట్లో చీటీ ఉందని నేను చెప్పలేదు.

తర్వాతి గురువారం నా వంతు. జ్వరమని చెప్పి వెళ్లలేదు.

ఇంకో రెండు వారాలకు యారాడనుంచి పైడమ్మ అనే ఆవిడ కూతుర్ని వెంటబెట్టుకుని రేడియోకి వచ్చింది. తల్లి చెబుతుంటే చీటీ రాసింది ఆ కూతురే. వాళ్లు కూడా గురువారం కోసం ఆగారు. ఆ రోజు జవాబు విని ఉన్నపళంగా ఆసుపత్రికి పోతే గుండెకు స్టెంట్ వేశారట. ఇంకా ఆగి ఉంటే దక్కేది కాదని అక్కడ చెప్పారట. చీటీ చదివినామెకు ఇవ్వాలని వంజరం చేప తెచ్చింది.

మేడమ్ ఎస్తేరును చూపించారు. ఎస్తేరు ఒళ్లెలా ఉందమ్మా అని పలకరించింది. పైడమ్మ చేప ఇవ్వకుండా ఆమె ముఖంలోకే చూస్తూ నిలబడిపోయింది. నిలబడొద్దు, కూర్చోమ్మా అని నేను కుర్చీ జరిపాను. అంతే, నా వైపు తిరిగింది.

"ఇదే గొంతు తల్లీ. ఆ రోజు నా సంగతి సదివింది నువ్వే గదా" అంది.

ఏడాదిగా ఎవరైనా ఆ మాట అనాలని ఎదురుచూశాను. నా గొంతు గుర్తుపట్టి, నా ముఖం చూసి, మేడమ్ ముందు, ఎస్తేరు ముందు అనాలని. అంది. ఎస్తేరు కూడా నన్నే చూస్తోంది.

"నాను కాదమ్మా. మా ఎస్తేరే సదివింది" అన్నాను.

పైడమ్మ నమ్మలేదు. అయినా చేప ఎస్తేరు చేతుల్లో పెట్టి దండం పెట్టింది. తాను చదవలేదని ఎస్తేరుకు తెలుసు. తెలిసే తీసుకుంది. సాయంత్రం చేప కోసి సగం మా ఇంటికి తెచ్చింది. నేను తీసుకున్నాను, వండాను.

ఎస్తేరు మీద కుళ్లు పోయిందా అంటే పోలేదు. ఆమె ఇప్పటికీ చదువుతోంది, నేను రాసిస్తున్నాను. పెట్టెలో ఏ చీటీ దొరికినా ఆ రోజే మేడమ్ చేతికి ఇచ్చేస్తున్నాను. అయితే ఇప్పుడు నా కుళ్లు ఎస్తేరు ఒక్కదాని మీదే కాదు. ఆ రోజు మాట్లాడిన గొంతు మీద కూడా ఉంది. నేను చెయ్యాల్సిన పని నాకంటే ముందు అది చేసింది. అది నాదేనని చెప్పుకోవాలంటే డబ్బా తెరిచి చీటీ చూపించాలి.

ఎలా జరిగిందో నాకు తెలియదు. చదువుకున్నవాళ్లను కూడా, నా పేరు రాకుండా, ఇలా జరుగుతుందా అని అడిగాను. ఎవరూ సరిగా చెప్పలేదు. చీటీ ఇప్పటికీ రేషన్ కార్డు కిందే ఉంది. గురువారం నాలుగో ప్రశ్న అయ్యాక నేను రేడియో శబ్దం పెంచుతాను. నరసమ్మ కూడా బేరం ఆపి ఇటు చూస్తుంది. ఎస్తేరు వెళ్లొస్తామని చెబుతుంది. అప్పుడు మళ్లీ తక్కెడ పట్టుకుంటాను.