రెండో గారె మీద పన్ను

సాయంత్రం ఆరు గంటల వార్తలు మొదలయ్యేలోపు నాకు ఒక పని ఉండేది. పోపుల డబ్బా తీసుకెళ్లి వాషింగ్ మెషిన్ వెనక దాచడం. ఇప్పుడు ఆ పని మానేశాను. ఆరవుతుండగా డబ్బా నేనే తెచ్చి, మూత తీసి, టేబుల్ మధ్యన పెడుతున్నాను. మధుబాబు అన్నయ్యగారు దేశ ఆర్థిక విధానం గురించి మాట్లాడాలంటే ఆయన చేతిలో వంటింటి సామాను ఏదో ఒకటి ఉండాలి మరి.

అన్నయ్యగారంటే తోడబుట్టినవాడు కాదు. మా ఆయన రవికిరణ్‌కి స్నేహితుడు. హెండర్సన్‌లో మా వీధి చివర ఫ్లాట్‌లో ఉంటారు. ఆయనది భీమవరం, మాది తెనాలి, అందరం ఈ దేశం వచ్చి చాలా ఏళ్లయింది. మగవాళ్లిద్దరూ బావా, బావా అనుకోవడంతో నేను చెల్లెల్ని అయ్యాను. ఆయన భార్య నిరుపమా నేనూ ఒకరినొకరం వదినా అని పిలుచుకుంటాం. ఎవరికెవరం ఏమవుతామో మా అమ్మాయి సాయిప్రియకి ఇప్పటికీ అర్థం కాలేదు.

మా ఇంట్లో వార్తల ముందు కూర్చుని బావలిద్దరికీ రోజూ ఒకటే తగువు. సొంతిల్లు కాకుండా ఇంకో ఇల్లుండి, దాన్ని లాభానికి అమ్మితే ఆ లాభం మీద పన్ను వేస్తామనీ, ఆ డబ్బుతో జనాన్ని ఏడాదికి కొన్నిసార్లు డాక్టరు దగ్గరికి ఉచితంగా పంపిస్తామనీ ప్రతిపక్షం అంటోంది. హామిల్టన్‌లో అద్దెకిచ్చిన యూనిట్ ఉన్న మా ఆయన ఆ పన్ను పడాల్సిందే అనేవారు. ఎక్కడా గజం స్థలం కూడా లేని అన్నయ్యగారు ఆ పన్నుతో దేశం మునిగిపోతుందని గుండెలు బాదుకునేవారు.

"నీకెందుకు బావా అంత బాధ? నీకున్నవి రెండు సూట్‌కేసులు," అనేవారు మా ఆయన.

"రేపు వాటి మీద కూడా వేస్తారు," అనేవారు అన్నయ్యగారు.

మొదటిసారి పోపుల డబ్బా ఆయన చేతికి చిక్కిన రోజు నాకు బాగా గుర్తు. స్టవ్ పక్కనున్న డబ్బా తీసుకుని టేబుల్ మీద పెట్టారు.

"ఈ ఆవాలున్నాయే, ఇవి జీతగాళ్లు. లెక్కకి ఎక్కువ, సైజుకి చిన్న. సెగ తగిలితే ముందు చిటపటలాడేది వీళ్లే. జీలకర్ర చిన్న వ్యాపారస్తులు. మెంతులు ఆఫీసుల్లో మేనేజర్లు. నాలుగు గింజలుంటే చాలు, ఎక్కువైతే చేదు."

"ఎండుమిరపకాయలో?" అన్నారు మా ఆయన.

"బ్యాంకులు."

"మరి ఇంగువ?"

"ప్రతిపక్షం. కంటికి కనపడదు, ఇల్లంతా వాసన."

మా ఆయన నవ్వాపుకుని, "ఈ వంటింటి ఎకనామిక్స్ ఆపి నెంబర్లు చెప్పు బావా," అన్నారు. ఆయన నెంబర్లు చెప్పలేదు. పన్ను వేస్తే ఏమవుతుందో చూపిస్తానని గిన్నెలోంచి గిన్నెలోకి గుప్పెళ్లతో మార్చారు. ఆవాలూ జీలకర్రా మెంతులూ ఏకమయ్యాయి.

"చూశావా చెల్లెమ్మా? వాళ్లొస్తే జరిగేది ఇదే."

"వాళ్లు ఇంకా రాలేదు కదండీ అన్నయ్యగారూ, ఇది మీరు చేసిందే కదా," అన్నాను మెల్లగా. ఆయన నా వంక చూసి ఎందుకో చాలా సంతోషించారు. ఏరడానికి నాకు రెండు మధ్యాహ్నాలు పట్టింది.

అప్పట్నించే దాచడం మొదలుపెట్టాను. దాచితే ఊరుకునే మనిషి కాదు. బడ్జెట్ వచ్చిన రోజు ప్రభుత్వ ఖర్చు ఎలా పంచుతారో చూపిస్తానని ఫ్రిజ్‌లోంచి రెండు లీటర్ల పాలు తీసి పదకొండు గ్లాసుల్లో పోశారు. పన్నెండో గ్లాసుకి పాలు చాలలేదు.

"ఇది ఎవరి గ్లాసో చెప్పు?" అన్నారు.

"మా ఆయన కాఫీ గ్లాసండీ."

"కాదమ్మా, హాస్పిటల్స్."

ఆ వారమంతా మా ఇంట్లో పెరుగే పెరుగు.

బయటికి తీసుకెళితే ఇంకా ప్రమాదం. అనంతలక్ష్మిగారి గృహప్రవేశంలో సాంబారు గారెలు వడ్డించారు. అన్నయ్యగారు తన ప్లేటు పట్టుకుని వరస మొదట్లో నిలబడ్డారు.

"మొదటి గారె సొంతిల్లు. దాని జోలికి ఎవరూ రారు. హాయిగా తినండి. రెండో గారె అద్దె ఇల్లు. వేసినప్పుడు ఇంతే ఉంది, సాంబారులో నానాక ఇంత ఉబ్బింది. ఆ ఉబ్బినదే లాభం. లాభంలో పావు పైచిలుకు పన్ను." అంటూ ప్రతివాళ్ల రెండో గారె నుంచీ ఒక ముక్క తుంచి తన ప్లేట్లో వేసుకుంటూ పోయారు.

బాలసుబ్రహ్మణ్యంగారు పెద్దాయన, రిటైరై పదేళ్లయింది. ప్లేటు వెనక్కి లాక్కుని, "ఆగవయ్యా. నేనీ గారె అమ్మానా? తింటున్నాను. అమ్మనిదానికి పన్నేంటి?" అన్నారు.

అన్నయ్యగారు ఆలోచించారు. పాయింటు కరెక్టే. తుంచిన ముక్క తిరిగి ఇవ్వబోయారు.

"ఇప్పుడెందుకు, నువ్వు చెయ్యి పెట్టేశావు. నాకు కొత్తది వెయ్యమను."

"నష్టపరిహారం అన్నమాట," అన్నారు అన్నయ్యగారు, ఏమాత్రం సిగ్గుపడకుండా. ఆ రోజు పన్ను రూపంలో ఆయన ప్లేట్లో చేరినవి కూడితే నాలుగు గారెలయ్యాయి. వద్దు వద్దన్న పన్నుని అంత ఇష్టంగా తిన్నవాణ్ణి నేను మళ్లీ చూడలేదు.

మొన్న జనవరిలో, ఇక్కడి ఎండాకాలంలో, మా ఆయన పోయారు. గుండె. పోయిన ఏడాదంతా డాక్టరుకి చూపించుకోమని నేను అంటూనే ఉన్నాను. ఎనభై డాలర్లు దండగ, గ్యాస్ నొప్పికి, అని ఆయన అంటూనే ఉన్నారు.

ఆరు గంటల వార్తలు పెట్టడం మానేశాను. అన్నయ్యగారు వారానికి రెండుసార్లు వచ్చి, లాన్ కోసి, టేబుల్ దగ్గర కూర్చుని టీ తాగి వెళ్లేవారు. చక్కెర డబ్బా ఎదురుగానే ఉన్నా ముట్టుకునేవారు కాదు. నోట్లోంచి పన్ను మాట కూడా రాలేదు. ఆ పెద్దమనిషి అంత బుద్ధిగా కూర్చుంటే నాకే భయమేసింది.

ఇలా ఉండగా ఓటు కార్డు పోస్టులో వచ్చింది. ఇన్నేళ్లూ మా ఆయన చెప్పిన గడుల్లో, పార్టీకొకటి అభ్యర్థికొకటి, రెండు టిక్కులు పెట్టి వచ్చేదాన్ని. వెల్లింగ్టన్‌లో ఉన్న సాయిప్రియకి ఫోన్ చేసి అడిగితే, "అది నీ ఓటు అమ్మా, యూ డిసైడ్," అంది. ఆయన పక్కకే వేద్దామా? వేస్తే ఆయన కోసం వేసినట్టా, నాకు తెలిసి వేసినట్టా? హామిల్టన్ యూనిట్ ఇప్పుడు నా పేరు మీదుంది. ఆ పన్ను పడితే పడేది నాకే. తప్పు చేస్తే నేనే చేసినట్టు.

ఆదివారం వాళ్ల ఫ్లాట్‌కి వెళ్లాను.

"అన్నయ్యగారూ, ఎవరికి వెయ్యమంటారు?"

హెండర్సన్‌లో ఉన్న తెలుగువాళ్లందరికీ అడక్కుండా సలహా చెప్పే మనిషి. కళ్లజోడు తీసి తుడిచారు.

"చెత్త బిన్ బయట పెట్టాలి," అని లేచి వెళ్లిపోయారు.

మా వీధిలో బిన్లు గురువారం పెడతారు.

నిరుపమ వదిన నవ్వింది. "ఆయన చెప్పడు వదినా. చచ్చినా చెప్పడు."

"అదేంటి? నాలుగేళ్ల పిల్లాడికి కూడా చెబుతారు కదా."

"నీకు మాత్రం చెప్పడు. పోయిన ఎన్నికలప్పుడు మీ ఇంట్లో భోజనానికి వచ్చాం, గుర్తుందా? నువ్వు స్టవ్ దగ్గర్నుంచి అడిగావు, ఈ పన్ను కట్టేది మనమేనా అని. రవికిరణ్ అన్నయ్యగారు నవ్వి, దానికేముంది బావా, నేను చూపించిన చోట టిక్కు పెట్టొస్తుంది అన్నారు. నువ్వూ నవ్వావు."

నాకు గుర్తు లేదు. కానీ నవ్వే ఉంటాను. ఆయన అలా అనే ఉంటారు, చెడ్డగా కాదు, ముద్దుగానే.

"ఈయన ఇంటికొచ్చాక తిండి తినలేదు. ఆవిడ కరెక్టుగా అడిగింది నిరుపమా, మనమెవరం జవాబు చెప్పలేదు, అన్నాడు. మర్నాడే మీ ఇంటికొచ్చి పోపుల డబ్బా తీశాడు."

"అంటే?"

"అంటే ఏంటి వదినా, మా ఇంట్లో ఉప్పెక్కడుంటుందో ఆయనకి తెలీదు. నాతో మాట్లాడితే అన్నీ పర్సెంటేజీలే. నువ్వు రాని ఫంక్షన్లలో గారెని గారెలాగే తింటాడు."

అంతలో అన్నయ్యగారు లోపలికొచ్చారు. బిన్ బయట పెట్టి, గాలికి పడిపోతే మళ్లీ లోపల పెట్టి వచ్చారట. నేను ఏమీ తెలియనట్టే, "రేపు ఆరింటికి ఇద్దరూ మా ఇంటికి భోజనానికి రండి. ఎవరికి వెయ్యాలో చెప్పొద్దు. రెండు పక్కలా ఏముందో చెప్పండి," అన్నాను.

మర్నాడు పోపుల డబ్బా టేబుల్ మీద చూసి ఆయన మొహం వెలిగిపోయింది. తన పక్క వాదన అయిదు నిమిషాల్లో ముగించారు. అసలు కష్టం తర్వాత వచ్చింది. మా ఆయన లేరు కదా, ఆ పక్క కూడా ఈయనే మాట్లాడాలి. ఎండుమిరపకాయ ఒకటి తీసి అటు పెట్టి, గొంతు సవరించుకున్నారు.

"బావ అయితే ఇక్కడ ఏమంటాడంటే... పన్ను మంచిదే అంటాడు. అది శుద్ధ తప్పు. కాదు, ఆగు. తప్పు కాదు. ఎందుకు కాదంటే..." చెమటలు పట్టాయి. "ఛీ, నా వల్ల కావట్లేదు. ఆ మనిషి మాటలు నా నోట్లో తిరగట్లేదు."

"ఆయన అలా అనరండీ," అన్నాను. "జీతానికి ప్రతి వారం పన్ను కడుతున్నాం కదా, ఊరికే కూర్చుని ఇల్లు సంపాదించిన దానికి ఎందుకు కట్టకూడదు అనేవారు."

ఇద్దరూ నా వంక చూశారు. నేను మిరపకాయ నా వైపు జరుపుకున్నాను.

"కానీ నాకొకటి అర్థం కాదు. పన్ను పడుతుందంటే నేను హామిల్టన్ యూనిట్ అమ్మను. అందరూ నాలాగే అమ్మకుండా కూర్చుంటే డాక్టరు డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుంది?"

"అదీ! అది నా పాయింటు," అని అన్నయ్యగారు టేబుల్ చరిచారు. ఆవాలు ఎగిరిపడ్డాయి.

"ఉండండి, ఇంకా అవలేదు. ఎనభై డాలర్లు దండగ అని గ్యాస్ మాత్ర వేసుకుని పడుకునేవాళ్లు ఈ వీధిలోనే ఎంతమందున్నారో. వాళ్లకేం చెబుతారు? మీ వాళ్ల దగ్గర దానికేం ఉంది?"

అన్నయ్యగారు డబ్బాలో అన్ని గిన్నెలూ వెతికారు. దానికి పనికొచ్చే దినుసు ఏదీ దొరకలేదు.

"దీనికి నాకు వారం టైమ్ కావాలి చెల్లెమ్మా," అన్నారు.

గురువారం, ముందస్తు ఓట్లు వేయించుకుంటున్న లైబ్రరీకి నడిచి వెళ్లి ఓటు వేసి వచ్చాను. రెండు టిక్కులూ నావే. ఎవరికి వేశానో నిరుపమ వదిన అడిగితే చెప్పలేదు. అన్నయ్యగారు అడగనే లేదు. కాకపోతే ఆ సాయంత్రం భోజనానికి వచ్చినప్పుడు ఎక్కణ్ణుంచి కొన్నారో, రెండు పార్టీల రంగుల్లో ఒక ఎర్ర గ్లాసూ ఒక నీలం గ్లాసూ తెచ్చి, రెండింట్లో నీళ్లు పోసి నా ముందు పెట్టి, "దాహంగా ఉందేమో, తీసుకో చెల్లెమ్మా," అని పక్కకి చూస్తూ కూర్చున్నారు.

నేను లేచి స్టీలు గ్లాసు తెచ్చుకున్నాను.

భోజనాలయ్యాక వదిన కంచాలు తీసి సింకులో పెట్టి కుళాయి తిప్పబోయింది. అప్పుడే అన్నయ్యగారు పెరుగు గిన్నె దగ్గరికి లాక్కుని, "అసలు ఆ పన్ను వేస్తే నష్టపోయేది నాలాంటి అద్దెవాళ్లే, ఎలాగో చూపిస్తా," అని మొదలుపెట్టారు.

"వదిలెయ్ వదినా, వచ్చి కూర్చో," అన్నాను.

"రెండు నిమిషాల పని వదినా, కడిగేస్తాను."

"పొద్దున చూసుకుందాం. ఇక్కడ అన్నయ్యగారు తప్పు చెబుతున్నారు," అని కుర్చీ ముందుకి జరుపుకుని, ఆయన చేతిలోంచి గరిటె లాక్కున్నాను.