చేటెడు బొరుగులు

నా చిన్నప్పుడు పుంగనూరు దగ్గర మా ఊళ్ళో ఎవరికి జ్వరమొచ్చినా ముందు బొరుగులే, అంటే మరమరాలే, పెట్టేవాళ్ళు. గుప్పిట్లో పట్టుకుంటే బరువే తెలియదు కాబట్టి ఒంటికీ భారం కావని అందరి నమ్మకం. చదువుకున్నవాళ్ళూ అదే నమ్మేవాళ్ళు. ఇప్పటికీ నమ్ముతున్నారు, అందుకే ఒళ్ళు మండి ఇది రాస్తున్నాను.

మా తాతయ్యకు చక్కెర జబ్బు. కాలి బొటనవేలి మీద పుండు లేచి ఎంతకీ మానలేదు. అప్పట్లో మదనపల్లె ఆసుపత్రిలో మూత్రాన్ని నీలం మందులో కలిపి గాజు గొట్టంలో కాచి చూసేవాళ్ళు. చక్కెర లేకపోతే నీలంగానే ఉంటుంది, కొద్దిగా ఉంటే ఆకుపచ్చగా మారుతుంది, మరీ ఎక్కువైతే ఇటుక రంగుకు తిరుగుతుంది. తాతయ్యది ఇటుక రంగే. అన్నం, తీపి తగ్గించాలని, ఇలాగే ఉంటే వేలు తీసేయాల్సి వస్తుందని డాక్టరు చెప్పాడు.

తాతయ్య ఆ రోజు నుంచే బెల్లం మానేశాడు. మధ్యాహ్నం అన్నం సగానికి తగ్గించుకున్నాడు. ఆకలికి ఆగలేడని మా అవ్వ పొద్దునా సాయంత్రమూ చేటెడు బొరుగులకు ఉప్పూ కారం కలిపి పెట్టేది. ప్రేమతోనే పెట్టేది. మళ్ళీ ఆసుపత్రికి పోతే మళ్ళీ అదే ఇటుక రంగు.

ఇక ఇంట్లో అందరూ ఆయన మీద పడ్డారు. అవ్వ బెల్లం కుండను అటకెక్కించింది. మా చిన్నాన్న ఆయన ముందే అనేశాడు. "యాడో దొంగతనంగా తింటాండాడు. లేకుంటే యాల తగ్గదు?" చింతపండు వ్యాపారంలో ఏనాడూ మాట తప్పని తాతయ్య, తన ఇంట్లోనే దొంగలా తల దించుకున్నాడు. పగలంతా ఆయన పక్కనే తిరిగేవాణ్ణి, ఆయన ఏమీ దాచుకుని తినలేదని నాకు తెలుసు. చెప్పాను కూడా. పిల్లవాడి మాట ఎవరికి కావాలి? ఆ కోపం నాలో ఇంకా చల్లారలేదు.

అప్పుడే రామకుప్పం నుంచి మా మేనత్త వచ్చింది. అందరి ఫిర్యాదులూ విన్నది. "మా నాయన అబద్ధం సెప్పడు. మనం పెట్టే దాంట్లోనే ఏమన్నా ఉండాదేమో సూసినారా?" అని అడిగింది.

"ఏం పెడతాండాం, బొరుగులే కదా. గాలి మాదిరి ఉంటాయి," అంది అవ్వ.

అత్త చింతపండు తూచే తక్కెడ తెచ్చింది. తాతయ్యకు రోజూ తగ్గిస్తున్న బియ్యం ఎంతో అంత అవ్వ చేతనే ఒక తువ్వాల్లో మూట కట్టించింది. ఆయన రోజంతా తినే బొరుగులను అలాంటిదే ఇంకో తువ్వాల్లో కట్టింది. రెండూ రెండు తట్టల్లో పెడితే, బొరుగుల తట్ట నిదానంగా కిందికి దిగింది.

"బియ్యం వేపితేనే కదమ్మా బొరుగులు. మధ్యాన్నం తీసేసిన కూడు సాయంత్రం నువ్వే మళ్ళా పెడతాండావు," అంది అత్త.

తాతయ్య చాలా రోజులకు నవ్వాడు. "దొంగ దొరికినాడు కదప్పా," అన్నాడు చిన్నాన్నతో.

ఆ సాయంత్రం అత్త చిక్కుడు గింజల్లాంటి అనపగింజలు ఉడికించి, ఉల్లిపాయ తరిగి వేసి, నిమ్మకాయ పిండి చిన్న గిన్నెలో ఇచ్చింది. ఒక్కోరోజు ఉలవ గుగ్గిళ్ళు, ఒక్కోరోజు ఉడికించిన చెనిక్కాయలు. "గింజలే కదా అని ఇవీ చేటతో పోస్తే మళ్ళా నేను రావాల్సొస్తాది," అని అవ్వను బెదిరించింది. నమిలి నమిలి తినేసరికి తాతయ్య రాత్రి దాకా ఆకలి అనేవాడు కాదు.

కొన్నాళ్ళ తర్వాత ఆసుపత్రికి నన్నూ వెంట తీసుకుపోయాడు. కాంపౌండరు గొట్టాన్ని కాచి కిటికీ వైపు ఎత్తి చూశాడు. నీలం కాస్త ఆకుపచ్చకు తిరిగి అక్కడే ఆగింది. పుండు కూడా మానుముఖం పట్టిందని, వేలికి భయం లేదని డాక్టరు అన్నాడు. తిరిగి వస్తూ బస్సులో తాతయ్య నా భుజం మీద తల వాల్చి, నోరు తెరుచుకుని, హాయిగా నిద్రపోయాడు. ఊరొచ్చేదాకా నేను కదల్లేదు.

ఇప్పుడు నాకూ షుగరే. అట్టపెట్టె మీద చక్కెర లేదని రాసిన బిస్కెట్లు ఎవరైనా తెస్తే, మరి ఉన్నదేమిటని అడుగుతాను. ఇంట్లో నన్ను చాదస్తుడంటారు, అననీ. మొన్న ఆసుపత్రి వరుసలో ఒక కోడలు షుగరు తగ్గలేదని మామగారిని అందరి ముందూ దులిపేస్తుంటే కూర్చోలేకపోయాను. "తిట్టేది తర్వాతమ్మా. సాయంత్రం ఈయనకు ఏం పెడతాండావో అది సెప్పు ముందు," అన్నాను. అత్త తక్కెడ తెచ్చిన రోజు నుంచి నేను మోసుకు తిరుగుతున్న ప్రశ్న అదొక్కటే. ఆ పెద్దాయన మెల్లగా తలెత్తి నావైపు చూశాడు.