రేడియో పెట్టె మీద నాయన గోరు

మొన్న నెల్లూరులో కంటి శుక్లం తీయించుకుని ఆత్మకూరు తిరిగొచ్చాక, మా తమ్ముడి కొడుకు తన సెల్‌ఫోన్ల కొట్టులో అందానికని పెట్టుకున్న పాత రేడియో చూపించాడు. అది పాడుతుందా అని నేను అడగలేదు. నా చూపుడువేలి గోరు దానంతటదే వెళ్లి పెట్టెను తట్టింది, ఒక మూల డొల్లగా మోగింది, ఇన్నేళ్ల తర్వాత కూడా చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకున్నాను.

మా నాయన ఈ ఊళ్లోనే రేడియో పెట్టెలు చేసేవాడు. నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో రేడియో ఇంటికొక పెద్దమనిషి కింద లెక్క; లోపలి యంత్రం బాగానే ఉన్నా పెట్టెను చెదలు తినేస్తే ఉదయగిరి నుంచి, చేజర్ల నుంచి మా దగ్గరికే తెచ్చేవాళ్లు. మామూలు చెక్కతో పెట్టె కట్టి, వజ్రం అనే జిగురును వేడినీళ్లలో కరిగించి రాసి, వెనీరు అనే పలచని ఇరుగుడు కర్ర రేకును దానిపై పరిచి, కాచిన పెన్న ఇసుకను సంచుల్లో పోసి బరువు పెట్టేవాడు. మర్నాడు సంచులు తీసి గోటితో తట్టుకుంటూ పోయేవాడు. గాలి చేరిన చోట డొల్లగా పలికితే పనంతా చెడినట్టే. ఆ తట్టడం అయ్యేదాకా ఇంట్లో ఎవరూ ముద్ద నోట పెట్టకూడదని మా అవ్వ కట్టడి. భయానికి భక్తి ముసుగు వేయడమే లెండి.

ఆడపిల్లనని చూడకుండా నాయన నాకు పని నేర్పాడు. అందుకే ఆయన రేకు మీద గీసిన కోత గీతను కళ్లతో కాక బొటనవేలితో వెతుక్కుంటున్నాడని ముందుగా తెలిసింది నాకే. కళ్లలో శుక్లాలు, చూపు మసకబారుతోంది. కంటికి కత్తి పెట్టించుకుని ఉన్న చూపు పోగొట్టుకున్నవాళ్ల కథలు తప్ప మాకు వేరే తెలియదు.

"ఎవురికీ చెప్పబాక పాపా. చూపు లేని వడ్లాయనకి పనెవురిస్తారు?" అన్నాడు.

ఆనాటి నుంచి ఎవరైనా గుమ్మంలోకి వస్తే నాయనకంటే ముందు నేనే లేచి ఎదురెళ్లేదాన్ని.

ఒకసారి అనంతసాగరం మోతుబరి రైతు రేడియోకి పెట్టె చేశాం. ముందు భాగానికి ఒకే దుంగ నుంచి తీసిన జంట రేకులు పుస్తకం తెరిచినట్టు అటూ ఇటూ అంటించాలి. మా దగ్గర మిగిలింది ఆ ఒక్క జంటే. మర్నాడు నాయన తట్టాడు, అంతా గట్టిగా పలికింది, ఆయన మొహం విచ్చుకుంది. నేను మాత్రం కళ్లతో చూశాను. కుడివైపు రేకు తలకిందులుగా ఉంది. చారలు ఒకదానికొకటి కలవడం లేదు, చిన్నపిల్లాడైనా పట్టేస్తాడు. రైతు మధ్యాహ్నం బస్సుకు వస్తానన్నాడు.

నాయనకు చెప్పాను. ఆయన రేకుల అతుకును బొటనవేలితో ఒకసారి తడిమాడు. తర్వాత ఇస్త్రీపెట్టెలో నిప్పులు వేయమన్నాడు. తడిగుడ్డ మీద వేడి పెడితే వజ్రం మెత్తబడుతుంది, రేకు లేస్తుంది. చిరిగితే మాత్రం అంతే సంగతులు.

"నా చెయ్యి వణకతా ఉండాది. నువ్వే ఎత్తు," అన్నాడు.

పలచని కత్తిని రేకు కిందికి తోస్తూ, ప్రాణం అరచేతిలో పెట్టుకుని, గోరంత గోరంత ఎత్తాను. ఆయన తన వేళ్లు నా మణికట్టు మీద ఉంచాడు, ఆ వణుకు నా చేతిలోకీ పాకింది. రేకు చిరగకుండా వచ్చింది. తిప్పి అంటించి, మళ్లీ ఇసుక సంచులు పెట్టాం. పెట్టె ఇంకా ఆరలేదని చెప్పి రైతును మర్నాడు రమ్మన్నాం. వచ్చి చూసి, నీ చెయ్యి బంగారమని నాయనను మెచ్చుకున్నాడు. నాయన తల వంచుకుని నిలబడ్డాడు. ఆ తర్వాత చేసిన ప్రతి పెట్టెనూ ఇద్దరం అలా భయపడుతూనే చేశాం.

ఇప్పుడు అన్నీ చెక్క చారల్లా అచ్చేసిన కాగితం అంటించిన బల్లలే, ఎవరూ తట్టి చూడరు. దానికి నేనేమీ బాధపడను. నాకు ఏడుపొచ్చింది ఆసుపత్రిలో. పొద్దున వస్తే సాయంకాలానికి ఇంటికి పోవచ్చని చెప్పిన ఆ డాక్టరు పిల్ల, నేను భయపడుతున్నానని అనుకుని నా చెయ్యి పట్టుకుంది. ఇంత చిన్నదానికా మా నాయన పోయేదాకా అంత భయపడ్డాడని ఆ పిల్లకు ఎలా చెప్పను?